సూదికి పెద్దకర్మ

మా డైరెక్టరు పినాకపాణిగారు జపాను నుంచి వచ్చిన మర్నాడు తన గదిలోకి వెళ్లి, కుర్చీకి నడుము వంచి నమస్కారం పెట్టి, ఆ తరవాత కూర్చున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ మేమందరం, ఆ కుర్చీలో అప్పటికే ఎవరో పై అధికారి వచ్చి కూర్చున్నాడేమోనని తొంగి చూశాం. ఎవరూ లేరు. రెండేళ్లుగా కుడి చెయ్యి ఊడి ఉన్న అదే కుర్చీ.

మాది కుట్టుపని శిక్షణ సంస్థ. జిల్లా కేంద్రంలో ఒక పాత గోదాములో ఉంటుంది. కింద హాల్లో ఇరవై రెండు కుట్టుమిషన్లు, పైన ఆఫీసు. కింద ఆడపిల్లలు మిషన్లు తొక్కుతుంటే పైన మా బల్లలు వణుకుతాయి. పై అంతస్తులో పని జరుగుతోందనడానికి చాలాకాలంగా అదొక్కటే రుజువు. నా పేరు వల్లభరావు, సీనియర్ అసిస్టెంటును. ఫైళ్లు రాయడం నా ఉద్యోగం. రాసినవన్నీ నమ్మాలని ఉద్యోగ నిబంధనల్లో ఎక్కడా లేదు.

డైరెక్టరుగారు వెళ్లింది తొమ్మిది రోజుల అధ్యయన యాత్రకి. రెండు రోజులు విమానంలోనూ, ఒక రోజు కడుపునొప్పితోనూ, ఒక రోజు దుకాణాల్లోనూ గడిచాయిట. మిగిలిన వాటిలో ఫిబ్రవరి ఎనిమిదో తారీఖున గైడు ఆయన్ని ఒక గుడికి తీసుకెళ్లాడు. అక్కడ ముసలమ్మలు, పడుచులు, టైలర్లు వరసగా వచ్చి, ఏడాది పొడుగునా విరిగిపోయిన సూదుల్ని ఒక తెల్లటి ముద్దలో గుచ్చి దణ్ణం పెట్టుకుంటున్నారుట. ఆ ముద్ద పేరు టోఫు. సోయా పాలు విరగ్గొట్టి చేస్తారు, మన జున్నుకి దూరపు చుట్టం. ఏడాదంతా గట్టి గుడ్డల్లో దూరి దూరి అలిసిపోయిన సూదికి చివరి రోజునైనా మెత్తటి చోటు చూపించాలని వాళ్ల ఆచారం.

నాకు నచ్చింది, దాచుకోవడం ఎందుకు. పనిచేసిన వస్తువుకి ఒక్కమాట చెప్పి సాగనంపడం మర్యాద గల మనుషుల లక్షణం. కాకపోతే మంచి మాట ఏదైనా మా ఆఫీసు మెట్లెక్కితే ఏ గతి పడుతుందో ముప్పయ్యేళ్లుగా చూస్తున్నవాణ్ణి. అందుకని నచ్చడంతోపాటు కొంచెం భయం కూడా వేసింది.

"మనకీ దసరాకి ఆయుధపూజ ఉంది కదా సార్. మిషన్లకి కుంకం పెడతాం, నిమ్మకాయలు కడతాం" అన్నాను.

"అది బతికున్నవాటికి, వల్లభరావుగారూ. పోయినవాటి సంగతేమిటి? ఈ సంస్థ ఏర్పడ్డాక ఎన్ని సూదులు విరిగి ఉంటాయి? ఒక్కదానికైనా మనం కృతజ్ఞత వ్యక్తపరిచామా? రాసుకోండి" అన్నారు డైరెక్టరుగారు.

రాసుకున్నాను. "పైన సూచించిన విషయమును పురస్కరించుకొని యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట సంస్థయందు విరిగిన సూదిని చెత్తబుట్టలో వేయుట తీవ్రంగా పరిగణించబడును. ప్రతి విరమించిన సూదికి ప్రపత్రం-1 పూరించి, కృతజ్ఞతా పత్రం జారీచేసి, టోఫునందు గుచ్చవలెను. అటుపిమ్మట పదకొండు దినములు కృతజ్ఞతా విరామముగా పాటించి, సదరు కాలమునందు నూతన సూది జారీ నిలుపుదల చేయవలెను."

"పదకొండు రోజులు జపానులో ఉందా సార్?" అన్నాను.

"లేదు. అది మన సంస్కృతి. రెండు సంస్కృతులూ కలిస్తేనే కదా అధ్యయన యాత్రకి సార్థకత" అన్నారు.

మా ఊళ్లో టోఫు దొరకలేదు. అటెండరు యోహాను బజారంతా తిరిగి వచ్చి, టోపీలయితే ఉన్నాయన్నాడు. దాంతో సర్క్యులర్‌కి ఒక సవరణ వెలువడింది: "టోఫు లభ్యముకాని ప్రాంతములయందు ఇడ్లీ వినియోగించవచ్చును." మొదటి సూదికి కర్మ జరిగిన రోజున అరటాకులో ఇడ్లీ పెట్టి, చుట్టూ అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. తెల్లగా గుండ్రంగా ఆకులో ఉన్నదాన్ని చూసి మా క్యాషియరు పొరపాటున కాకులకోసం గోడవైపు చూశాడు. డైరెక్టరుగారు కృతజ్ఞతా పత్రం చదివారు. "ఇన్నాళ్లు నోరు విప్పక, సెలవు అడగక, సంస్థ కోసం నీవు అరిగిన తీరు మరువలేము." ఆ మాటలు నావే. తరవాత ఆయన విరిగిన సూదిని ఇడ్లీలో గుచ్చబోయారు. అది మా క్యాంటీను ఇడ్లీ. సూది మళ్లీ విరిగింది. ఒక మరణం రెండు మరణాలయి, రెండో ముక్కకి మళ్లీ ప్రపత్రం-1 నింపాల్సి వచ్చింది.

ప్రపత్రం-1లో ఆరు గళ్లున్నాయి. సూది నంబరు, చేరిన తేదీ, విరమించిన తేదీ, విరమణకి కారణం, చివరిసారిగా కుట్టిన వస్త్రం, కర్త పేరు. ఈ ఆఖరి గడి దగ్గరే గొడవ మొదలైంది. కర్త అంటే సూది విరగ్గొట్టినవాళ్లా, దానికి కర్మ చేసేవాళ్లా అని శిక్షకురాలు సామ్రాజ్యంగారు కాగితం పట్టుకుని పైకి వచ్చింది.

ఈ సామ్రాజ్యంగారి గురించి చెప్పాలి. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. మా సంస్థలో కుట్టుపని వచ్చినది ఈవిడ ఒక్కతే. పదిహేడేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. పదకొండు నెలలకి ఒక ఒప్పందం, ఆ తరవాత ఒక రోజు ఉద్యోగం లేనట్టు లెక్క, మర్నాడు మళ్లీ కొత్త ఒప్పందం. వరసగా పనిచేసినట్టు తేలితే పర్మినెంటు చేయమని అడుగుతారని ఆ ఒక్కరోజు విరామం. ఆ రోజున కూడా వచ్చి పాఠం చెప్పేది. ఉద్యోగం లేని రోజు ఎందుకమ్మా అంటే, పిల్లలకి ఉందిగా అనేది. ఈ ఏడు ఒప్పందం జూన్ ముప్పయితో అయిపోతుంది. మే ఇరవై నాలుగున పిల్లలకి పరీక్ష. పరీక్ష బాగా నడిచి, తొంభై శాతం పాసైతే ఈవిడ ఒప్పందం పొడిగించే ఫైలు కదులుతుంది. బైపాసు అవతల వచ్చిన దుస్తుల కంపెనీవాళ్లు జూన్‌లో మా ఇరవై రెండుమందినీ పిలిచి చూస్తామన్నారు. కాబట్టి ఆ ఏడు పరీక్ష అంటే ఇరవై రెండు ఉద్యోగాలు, వాటి పైన ఒక ఉద్యోగం.

"కర్త ఎవరైనా ఒకటే. విరగ్గొట్టినవారే కర్మ చేయాలి. అదే ఇందులోని తత్వం" అన్నారు డైరెక్టరుగారు.

"తత్వం సరేనండి. కొత్తపిల్లలు. రోజుకి రెండో మూడో విరగ్గొడతారు. జీన్సు గుడ్డ మీదయితే ఇంకా ఎక్కువ. విరిగినప్పుడల్లా పదకొండు రోజులు ఆగితే నేనేం నేర్పేదండీ?" అంది సామ్రాజ్యంగారు.

"విరామం విరిగిన సూదికి మాత్రమే కదా. వేరే సూది వాడుకోండి."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. కాని ముప్పయ్యేళ్ల అలవాటు, సందేహం వస్తే ఫైలు మీద పెట్టడం. "ఒకే డబ్బాలోని మిగతా సూదుల పరిస్థితి ఏమిటి సార్?" అని అడిగేశాను.

డైరెక్టరుగారు కళ్లు మూసుకుని కొంతసేపు జపాను ఆలోచించారు. "ఒక డబ్బాలోవి ఒక కుటుంబం. ఇంట్లో ఒకరు పోతే మిగతావారు పనికి వెళతారా? క్లారిఫికేషన్ ఇవ్వండి" అన్నారు.

క్లారిఫికేషన్‌కి క్లారిఫికేషన్ స్టోర్‌కీపరు అడిగాడు. డబ్బా ఒక కుటుంబమైతే, అదే కంపెనీ వేరే డబ్బాలు దాయాదులు కావాలి కదా అని. దాయాదులకీ పదకొండు రోజులే అని జవాబు వెళ్లింది. వేరే కంపెనీ సూదులు మేనమామ వరస కాబట్టి మూడు రోజులు చాలన్నారు. మార్చి నెలాఖరుకి మా స్టోర్లోని సూదులన్నీ ఏదో ఒక మైలలో ఉన్నాయి. ఒకటి తీరే లోపల మేనమామ వరసలో ఇంకోటి పోయేది.

సామ్రాజ్యంగారు ఊరుకునే మనిషి కాదు. తనే బజారులో రెండు ప్యాకెట్ల సూదులు కొనుక్కొచ్చి మిషన్లకి బిగించింది. రెండు రోజులు కింద హాల్లో నిజంగా కుట్టు చప్పుడు వినపడింది. మూడో రోజు డైరెక్టరుగారు తనిఖీకి దిగి, ఈ సూదుల చేరిన తేదీ ఏ రిజిస్టరులో ఉందని అడిగారు. లేదు. చేరిన తేదీ లేని సూదికి విరమించిన తేదీ ఎలా వేస్తారు? అవి అనాథ సూదులని తేల్చి, దత్తత ప్రక్రియ పూర్తయ్యేదాకా బీరువాలో పెట్టి సీలు వేశారు. దత్తత కోసం ప్రపత్రం-4 నేనే తయారుచేశాను. అందులో పెంపుడు డబ్బా అంగీకార పత్రం జతపరచమని ఉంది. అది ఎవరు సంతకం పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంతలో పిచ్చి ముదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టు, ఆ సర్క్యులర్ని జిల్లాలోని అన్ని కార్యాలయాలకీ పంపమన్నారు. "జిల్లాయందు సేవలందించి విరమించిన సూదులన్నియు మా సంస్థకు పంపినచో సగౌరవముగా కర్మ జరిపించబడును." టైపు చేస్తున్నప్పుడు నాకు తట్టలేదు. తెలుగులో సూది ఒకటి కాదు, రెండు. ఒకటి గుడ్డలో దిగేది, రెండోది జబ్బలో దిగేది.

ఏప్రిల్ పన్నెండున ఒక ఆరోగ్యకేంద్రం నుంచి వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి సీలు వేసిన గట్టి డబ్బాలు దించారు. వాడేసిన ఇంజక్షన్ సూదులు, మొత్తం పదకొండువేల నాలుగువందలు. వాటిని ఎక్కడ పారెయ్యాలా అని వాళ్లు ఎన్నాళ్లుగా తలపట్టుకున్నారో, కాగల కార్యం గంధర్వులు తీర్చినట్టయింది. ప్రపత్రం-1 కూడా చక్కగా నింపి తెచ్చారు. కర్త పేరు దగ్గర "రికార్డు లభ్యం కాదు" అని, చివరిసారిగా కుట్టిన వస్త్రం దగ్గర "ఎడమ భుజం" అని రాసుంది.

"తిప్పి పంపేద్దాం సార్. మనవి కుట్టు సూదులు" అన్నాను.

డైరెక్టరుగారికి బాధ కలిగింది. "సూదుల్లో జాతిభేదం పాటిస్తామా వల్లభరావుగారూ? మన సూదులు గుడ్డ కుట్టాయి. ఇవి ప్రాణాలు నిలిపాయి. నిజానికి ఇవి పెద్దలు" అన్నారు.

ఒక్కోదానికీ పదకొండు రోజులు వరసగా పాటిస్తే ఎన్నాళ్లవుతుందో కాలిక్యులేటరు మీద చూశాను. మూడువందల నలభై మూడేళ్లు తేలింది. ఆయన దయదలచి, పత్రాలు మాత్రం ఒక్కోదానికీ ఒకటి ఇచ్చి, కర్మ సామూహికంగా జరిపిద్దామన్నారు. అయితే పెద్దలు కాబట్టి విరామం నలభై అయిదు రోజులన్నారు. ఏప్రిల్ పద్నాలుగున మొదలైతే మే ఇరవై తొమ్మిదికి అయిపోతుంది. పరీక్ష మే ఇరవై నాలుగున.

ఈ తేదీలు చెప్పడానికి కిందికి వెళ్లాను. హాల్లో ఇరవై రెండు మిషన్లూ గడగడా నడుస్తున్నాయి. నాకు ఆశ్చర్యం వేసింది, సూదులు ఎక్కడివా అని. దగ్గరికి వెళ్లి చూస్తే ఏ మిషనుకీ సూది లేదు. పిల్లలు కాళ్లతో తొక్కుతున్నారు, గుడ్డ ముందుకి జరుగుతోంది, బాబిను తిరుగుతోంది, కుట్టు మాత్రం పడటం లేదు. చూసేవాడికి తేడా తెలియదు. ఆ ముందురోజే వచ్చిన తనిఖీ బృందం అదంతా చూసి, శిక్షణ ముమ్మరంగా సాగుతోందని రాసి వెళ్లింది.

"తొక్కుడు మర్చిపోకుండా ఉంటారని తొక్కిస్తన్నా. ఇంతకంటే ఏం చేసేదండీ" అంది సామ్రాజ్యంగారు.

మొదటి వరసలో కూర్చున్న నాగూర్‌బీ అనే పిల్ల కాళ్లు ఆపి అడిగింది. "మేడం, మనకి కాలరు ఎప్పుడు చెప్తారు?"

"చెప్తానమ్మా" అంది గాని, ఎప్పుడో చెప్పలేదు. నావైపు చూడకుండా గుడ్డ సర్దింది. నేను తేదీలు చెప్పి పైకి వచ్చేశాను.

ఏప్రిల్ పద్నాలుగున సామూహిక కృతజ్ఞతా దినం. మా శాఖ కమిషనరుగారు ముఖ్య అతిథి. జపానులో ప్రతి ఆఫీసుకీ ఒక బొమ్మ ఉంటుందిట. ఊరికొకటి, పోలీసులకొకటి, ఒక జైలుకి కూడా ఒకటి ఉందని డైరెక్టరుగారు ఫొటో చూపించారు. మనిషి లోపల దూరి, ఉబ్బు బుగ్గలతో, గుండ్రటి కళ్లతో జనాన్ని పలకరిస్తాడు. పిల్లలు వెంటపడతారు, బొమ్మ పేరు మీద బిస్కెట్లు అమ్ముతారు. మా సంస్థకి అలాంటిది లేకపోవడం వల్లే ప్రజల్లో సూది పట్ల ఆత్మీయత కొరవడిందని ఆయన కనిపెట్టారు. దాంతో ఏడడుగుల స్పాంజి సూది ఒకటి తయారై వచ్చింది. పేరు సూదిబాబు. పైన బెజ్జం, ఆ బెజ్జంలోంచి లోపలి మనిషి బయటికి చూడాలి. లోపలి మనిషి యోహాను.

"బైబిల్లో సూదిబెజ్జంలో దూరడం ఒంటెకి కుదరదన్నారు గాని, నేను పట్టాను సారూ" అన్నాడు యోహాను బెజ్జంలోంచి. ఆ ఎండలో లోపల ఉడికిపోతున్నాడు. "తొరగా కానివ్వండి, నాకే కర్మ చెయ్యాల్సొచ్చేట్టుంది."

సీలు వేసిన డబ్బాల మూతల మీద తలా ఒక ఇడ్లీ పెట్టాం. డబ్బాలు తెరవమని ఎవరూ పట్టుబట్టకపోవడం ఆ ఏడు మా సంస్థలో జరిగిన ఒకే ఒక్క తెలివైన పని. కమిషనరుగారు వచ్చారు. సూదిబాబు జపాను పద్ధతిలో నడుము వంచి స్వాగతం పలికాడు. సూది వంగేది కాదు. వీపు మీద కుట్టు మెడ నుంచి కిందిదాకా పిగిలి, యోహాను బనీను అందరికీ దర్శనమిచ్చింది.

"సామ్రాజ్యంగారూ, వెంటనే రెండు కుట్లు" అన్నారు డైరెక్టరుగారు గొంతు తగ్గించి.

"సూది ఇప్పించండి, నిమిషంలో కుట్టేస్తాను" అందావిడ.

"సూదులు విరామంలో ఉన్నాయి కదమ్మా."

"అయితే బాబు కూడా విరామంలో ఉంటాడులెండి."

చివరికి పై నుంచి స్టేప్లరు తెప్పించి, కుట్టుపని శిక్షణ సంస్థ చిహ్నానికి వీపంతా పిన్నులు కొట్టాం. కమిషనరుగారు అది గమనించలేదు. ఆయన మైకు ముందు, "వస్తువును ప్రేమించలేనివాడు వస్తువును వినియోగించే అర్హత కోల్పోతాడు. శిక్షణలో సైతం ఈ భావనకు పెద్దపీట వేయాలి" అని ముగించారు. డైరెక్టరుగారు ఆ ముక్క చేతిరుమాలులా మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ పెద్దపీట మే నెల మొదట్లో జీవోగా వచ్చింది. సూదులు విరామంలో ఉన్నందున ఈ ఏడు ప్రాక్టికల్ పరీక్షను సూది రహితంగా నిర్వహించాలి. మార్కుల పట్టిక కూడా ఉంది. మిషనుకి నమస్కారం ఇరవై, గుడ్డను గౌరవంగా పరచడం ఇరవై, కత్తెరతో సంభాషణ ఇరవై, కుట్టు పట్ల భావన నలభై.

పరీక్ష రోజు నేనూ పర్యవేక్షణకి కూర్చున్నాను. ఇరవై రెండుమంది ఆడపిల్లలు మిషన్ల ముందు నిలబడి తలలు వంచారు. నవ్వు ఆపుకోలేక ఇద్దరు కొంగు నోట్లో కుక్కుకుంటే, అది భావావేశమని పరీక్షాధికారి చెరో అయిదు మార్కులు ఎక్కువ వేశాడు. నాగూర్‌బీ వంతు వచ్చింది. కత్తెరతో ఏం మాట్లాడతావమ్మా అంటే, "కాలరు ఎట్టా కోస్తారో దీనికన్నా తెలుసేమో అడుగుతానండి" అంది. ఆ పిల్లకి ఇరవైకి ఇరవై వచ్చాయి. మొత్తం ఇరవై రెండుమందీ ఫస్టుక్లాసు. నూటికి నూరు శాతం సంస్థ చరిత్రలో అదే మొదలు.

మర్నాడు సర్టిఫికెట్లు అచ్చయి వచ్చాయి. "పై అభ్యర్థినికి చొక్కా, పంజాబీ డ్రెస్సు, జాకెట్టు, కాలరు, జిప్పు మొదలగునవి కుట్టుటయందు సంపూర్ణ నైపుణ్యము కలదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద శిక్షకురాలి సంతకం కావాలి. డైరెక్టరుగారు సామ్రాజ్యంగారిని పిలిపించి కుర్చీ చూపించారు. పదిహేడేళ్లలో ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఆవిడ మొదటి సర్టిఫికెట్టు పూర్తిగా చదివింది. మేము ఎవరం చదవం అలాంటివి.

"కాలరు చెప్పలేదండీ. జిప్పయితే అసలు ముట్టుకోలేదు" అంది.

"సర్టిఫికెట్టు అంటే భవిష్యత్తు మీద మనకున్న నమ్మకం సామ్రాజ్యంగారూ. ఈ రోజు రాకపోతే రేపు వస్తుంది" అన్నారు డైరెక్టరుగారు.

"రేపొచ్చినప్పుడు రేపే పెడతానండి సంతకం."

"చూడండమ్మా. నూరు శాతం. మీ రెన్యువల్ ఫైలు ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది. మీరు ఇక్కడ సంతకాలు పెట్టగానే నేను అక్కడ పెడతాను."

ఆవిడ ఫైలు వైపు చూసింది. చూడలేదని అబద్ధం చెప్పను. ఆవిడ భర్త లారీ పని మానేసి రెండేళ్లవుతోంది, నడుము దెబ్బతిని. ఇంటికి ఈ ఉద్యోగమే ఆధారమని మా అందరికీ తెలుసు. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టెయ్యాలని కోరుకున్నాను కూడా.

"వచ్చే నెల కంపెనీవాళ్లు నాగూర్‌బీ చేతికి గుడ్డిచ్చి కాలరు కుట్టమంటారు. పిల్ల గుడ్డ పట్టుకుని నిలబడతది. సంతకం నాది, సిగ్గు దానిది. అట్టా కుదరదండీ" అంది. పెన్ను క్యాపు పెట్టి బల్ల మీద ఉంచి లేచింది.

ఆవిడ మెట్లు దిగుతుంటే డైరెక్టరుగారు కాసేపు కిటికీలోంచి చూసి, "కృతజ్ఞత లేని మనిషి" అన్నారు. తరవాత నావైపు తిరిగారు. "వల్లభరావుగారూ, తక్షణం అమల్లోకి వచ్చేట్టు మీరు ఇన్‌ఛార్జి శిక్షకులు."

నా చొక్కా బొత్తం ఊడితే మా ఆవిడ కుడుతుంది. నేను సూదిలో దారం ఎక్కించిన పాపాన పోలేదు. ఇరవై రెండు సంతకాలు పెట్టాను. బల్ల వణకలేదు, కింద మిషన్లు ఆగిపోయి ఉన్నాయి కాబట్టి. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. సిగ్గేసింది. సిగ్గేసినా తిన్నాను.

సర్టిఫికెట్ల పంపిణీ అయిన మర్నాటి నుంచి ఆ ఇరవై రెండుమందీ సామ్రాజ్యంగారి ఇంటికి వెళుతున్నారని యోహాను చెప్పాడు. ఇంటి ముందు రేకుల పంచలో రెండు సొంత మిషన్లు, బజారులో టైలర్లు ఇచ్చిన మూడు పాత మిషన్లు పెట్టి, పిల్లల్ని జట్లుగా చేసి పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కాలర్లూ జిప్పులూ నేర్పిస్తోందిట. విరిగిన సూదులు ఏం చేస్తోందిరా అని అడిగాను. "డబ్బాలో ఏసి ఇంకోటి ఎక్కిస్తంది సారూ. అంతే" అన్నాడు.

జూన్ మూడోవారంలో కంపెనీవాళ్లు పిల్లల్ని పిలిచారు. సూపర్‌వైజరు సర్టిఫికెట్లు తీసుకుని, తిరగేసి, వెనకవైపు తెల్లకాగితం మీద కొలతలు రాసి ఇచ్చాడుట. ఆ కొలతలకి కుట్టమన్నాడు. పంతొమ్మిదిమంది కుదిరారు. నాగూర్‌బీ కాలరుని పక్కవాళ్లకి చూపించాడని కూడా విన్నాను. మా సంస్థ నుంచి పత్రికలకి ప్రకటన వెళ్లింది. సూది రహిత శిక్షణ సాధించిన ఘనవిజయమని రాసింది నేనే. కమిషనరుగారు దాన్ని చదివి, ఈ పద్ధతిని వచ్చే ఏడాది డ్రైవింగ్ శిక్షణలో ప్రవేశపెట్టే అవకాశం పరిశీలించమన్నారు.

జూన్ ముప్పయి వచ్చింది. సామ్రాజ్యంగారి ఒప్పందం పొడిగించడం లేదు, విధుల నుంచి విడుదల చేస్తున్నాం అని ఉత్తర్వు రాయాలి. రాశాను. రెండే రెండు వాక్యాలు. చూస్తే మరీ మొండిగా ఉంది. పదిహేడేళ్లు ఈ గోదాములో ఎండాకాలం వానాకాలం అనకుండా నిలబడి కొన్ని వందలమంది ఆడపిల్లల చేతికి పని పెట్టిన మనిషి. చివర ఒక వాక్యం చేర్చాను. "ఇన్నేళ్ల వారి సేవలకు సంస్థ కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నది."

డైరెక్టరుగారు అక్కడిదాకా చదివి ఎర్రసిరా పెన్ను తీశారు.

"ఎంత పని చేశారు వల్లభరావుగారూ. కృతజ్ఞత తెలిపామంటే సేవ జరిగినట్టు మనం ఒప్పుకున్నట్టు. 'ఇన్నేళ్ల' అన్నారు. అంటే మధ్యలో విరామం లేనట్టు. రేపు ఈ కాగితం పట్టుకుని కోర్టుకి వెళ్లి పర్మినెంటు చేయమంటే ఎవరు జవాబు చెప్పాలి? మీరా, నేనా? కాంట్రాక్టువాళ్లకి రాతపూర్వకంగా థాంక్స్ చెప్పకూడదని స్పష్టమైన ఆదేశాలున్నాయి" అన్నారు.

"సూదులకి చెప్పాం కదా సార్. పదకొండువేల నాలుగువందల పత్రాలు ఇచ్చాం."

"సూదులు కోర్టుకి వెళ్లవు" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు. ఓపిగ్గా, నాకు అర్థం కావాలని అన్నారు. వాక్యం కొట్టేసి సంతకం పెట్టారు.

సాయంత్రం సామ్రాజ్యంగారు తాళాలు అప్పజెప్పడానికి వచ్చింది. కత్తెరలు ఆరు, స్కేళ్లు పన్నెండు, టేపులు ఇరవై రెండు అన్నీ లెక్క చూపించి, రిజిస్టరులో సంతకం పెట్టింది. ఉత్తర్వు తీసుకుని చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది. ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నాకు ఉండబట్టలేదు. రాతపూర్వకంగా కూడదన్నారు గాని, నోటితో అనకూడదని ఏ ఆదేశంలోనూ లేదు. లేచి వెళ్లాను.

"సామ్రాజ్యంగారూ, చాలా థాంక్సండీ" అన్నాను. మా ఆఫీసులో ఆ మాట ఫైలు కదిలినప్పుడు తప్ప వినపడదు.

ఆవిడ ఒక చెప్పు వేసుకుని ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

"ఏ ఫైలుకండీ?"